మాస్టారి ముక్కు

"అమ్మా, ఇవాళ నువ్వు షెడ్డులోకి రావద్దు."

గుమ్మంలో నిలబడి, తల్లి మొహం వంక చూడకుండా అంది కూతురు. ఇల్లాలి చేతిలో అప్పుడే కడిగిన గాజు జగ్గు ఉంది. జగ్గు జారలేదు కానీ, ఆమె గుండె మాత్రం జారింది.

"ఆఖరి రోజు కదే..."

"ఆఖరి రోజనే చెబుతున్నా. ఇవాళ నిన్ను నాన్న పక్కన చూస్తే నేను తట్టుకోలేను. నీకెలాగూ ఆ వాసన పడదుగా. వంటింట్లోనే ఉండి గ్లాసులు కడిగి కిటికీలోంచి అందించు, చాలు."

అని గిర్రున తిరిగి వెళ్ళిపోయింది. తండ్రి దాన్ని ముద్దుగా మిరపకాయ అని ఊరికే పిలవడు.

బయట వీధిలో అప్పటికే జనం బారులు తీరారు. ఇంటి వెనక రేకుల షెడ్డులో మాస్టారు తయారుచేసే పుల్లబీరు ఇవాళ్టితో అయిపోతుందని తెలిసి, ఎప్పుడూ రానివాళ్ళు కూడా సొంత గ్లాసులు పట్టుకుని వచ్చేశారు. అది ఎక్కడపడితే అక్కడ దొరికే బీరు కాదు. చెక్క పీపాల్లో ఏళ్ళ తరబడి తనంతట తాను పులిసి, పుల్లటి పండు కొరికినట్టు దవడలు లాగేసే బీరు. దాన్ని రుచి చూసి ఏ పీపా పండిందో, ఏ పీపాను ఇంకా పడుకోబెట్టాలో చెప్పగలిగింది ఒక్క మాస్టారేనని అందరి నమ్మకం; ఆయనకు ఆ పిలుపు వచ్చిందీ అందుకే. ఆ నమ్మకం ఎంత గట్టిదో ఇల్లాలికి తెలుసు. ఇంతకాలం దాన్ని కూలిపోకుండా కాచింది ఆమే మరి!

పోయినేడు వచ్చిన జ్వరం తగ్గుతూ తగ్గుతూ మాస్టారి ముక్కును పట్టుకుపోయింది. మల్లెపూలకూ మడ్డినూనెకూ తేడా తెలియడం మానేసింది. వైద్యులు చూశారు, చుక్కలు వేశారు, పెదవి విరిచారు. పుల్లబీరంటే నాలుకతో పని అనుకుంటారు తెలియనివాళ్ళు. పీపాలోకి గాలి చొరబడిందంటే బీరు కాస్తా వెనిగర్ అయిపోతుంది. నాలుకకు అదీ పులుపే, ఇదీ పులుపే... కాదు, ఇది చెడిన పులుపు అని చెప్పేది ముక్కొక్కటే. అందుకని ఇల్లాలు ముందుగా ప్రతి పీపా వాసనా చూసి వచ్చి, ఆయన రుచి చూసేటప్పుడు పక్కన నిలబడేది. తువ్వాలు కుడి భుజం మీద ఉంటే పీపా మంచిది. ఎడమ భుజానికి మారిందంటే దాని జోలికి పోవద్దని. ఆయన ఓరకంట తువ్వాలు చూసి, కళ్ళు మూసుకుని, గుటక వేసి, తీర్పు చెప్పేవాడు. చూసేవాళ్ళు ఆహా అనేవాళ్ళు.

ఒకరోజు ఆమె ఇంట్లో లేనప్పుడు ఎవరో తొందరపెడితే, ఆయన చెడిపోయిన బీరు పోసి ఇచ్చాడు. వాళ్ళు మొహమాటానికి ఏమీ అనలేదు కానీ, గ్లాసులు నిండుగా వదిలేసి వెళ్ళారు. ఆ సాయంత్రం పీపాల మధ్య కూర్చుని మాస్టారు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఇక చాలే... మూసేద్దాం. కానీ ఎందుకో ఎవరికీ చెప్పకు. పిల్లకి అసలు చెప్పకు. దాని కళ్ళలో నేను మాస్టారిగానే ఉండిపోవాలి."

ఆమె చెప్పలేదు. అందరినీ కూర్చోబెట్టి, "నాకీ వాసన పడటం లేదు, ఈ పీపాలతో కాపురం నావల్ల కాదు, మూసేయాల్సిందే" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆయన తల దించుకుని నేల చూస్తూ కూర్చున్నాడు. చదువు అయిపోగానే షెడ్డు తన చేతిలోకి తీసుకోవాలని కలలు కంటున్న కూతురు తెల్లబోయి చూసింది. ఆ రోజు నుంచి తల్లితో ముక్తసరి మాటలే. ఆడపడుచు మాత్రం మాటలకు లోటు చెయ్యలేదు. "మా తమ్ముడి బతుకు నీ ముక్కుకి బలైపోయిందమ్మా" అని వచ్చిన ప్రతిసారీ వాతపెట్టి వెళ్ళేది. ఇల్లాలు పైటచెంగు నోట్లో కుక్కుకుని ఊరుకునేది. కన్నకూతురే ద్వేషించడం కంటే నరకం ఇంకొకటి ఉంటుందా...

మధ్యాహ్నానికి షెడ్డు కిటకిటలాడిపోయింది. కిటికీ అవతల నవ్వులు, గ్లాసుల చప్పుడు, ఒకరి మీద ఒకరు అరుచుకోవడం! ఆడపడుచు చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని రొట్టెముక్కలు పంచుతోంది. మొదటి నుంచీ వచ్చే టైలరు, టేపు మెడలోనే వేసుకుని, పెళ్ళికి వచ్చిన మేనమామలా అందరినీ పలకరిస్తున్నాడు. చేతులు నీళ్ళలోనే ఉన్నా ఇల్లాలి చూపంతా కిటికీలోనే. అక్కడి హుషారు చూస్తే ఆమెకూ ఒళ్ళు పులకరించింది. తెల్లవారకముందే వెళ్ళి మామూలు పీపాలన్నీ వాసన చూసి, ఏవి మంచివో ఆయనకు చెప్పేసింది కాబట్టి భయం లేదు. ఒక్కటి తప్ప.

మూలనున్న పెద్ద పీపాను వాళ్ళు బామ్మ అంటారు. షెడ్డులో అన్నిటికంటే పాతది. ఆఖరి గుక్క దాని నుంచే పోయాలని ఎప్పుడో అనుకున్నారు. కొన్ని వారాలుగా కూతురు దాని మీద గుడ్డ కప్పేసి, "బామ్మ సంగతి నేను చూసుకుంటా, ఎవరూ ముట్టుకోవద్దు" అంది. ఎవరూ అంటే ఎవరో ఇల్లాలికి అర్థమైంది. ముట్టుకోలేదు.

"ఇప్పుడు బామ్మ!" అని ఎవరో కేకపెట్టారు. జనమంతా గోలగా మూలకు జరిగారు. కూతురు గుడ్డ లాగేసింది. పీపా చుట్టూ రంగుల రిబ్బన్లు, పైన నిగనిగలాడే కొత్త బిరడా. నాన్న బొమ్మ చెక్కించి తనే చేయించిందట. పాత నల్ల బిరడా తీసేసి ఇది పెట్టి చాలా రోజులైందట. అందరూ చప్పట్లు కొట్టారు. ఇల్లాలు మాత్రం కొట్టలేదు. ఆ బిరడా నిటారుగా లేదు. ఒక పక్కకు ఒరిగి ఉంది.

మాస్టారు కుళాయి తిప్పి జగ్గు నింపాడు. అలవాటుగా కుడి పక్కకు చూశాడు. అక్కడ భార్య లేదు, తువ్వాలు లేదు. ఒక్క క్షణం తడబడి, జగ్గు ఎత్తి పట్టుకుని నడుమకు నడిచాడు. కిటికీ ముందు నుంచి వెళ్ళాడు. గుప్పున వచ్చిన ఆ వాసనకు ఇల్లాలి కళ్ళు మండాయి.

వెనిగర్!

ఆయన గ్లాసులో ఇంత పోసుకుని కళ్ళు మూసుకున్నాడు. గుటక వేశాడు. "ఇన్నేళ్ళలో... ఇంత గొప్పగా ఎప్పుడూ కుదరలేదు" అన్నాడు.

ఒకటే ఈలలు! కూతురు ఆనందంతో కన్నీళ్ళు పెట్టుకుంటూ జగ్గు అందుకుని టైలరు వైపు తిరిగింది. అతను గ్లాసు చాపాడు. ఇంకొక్క క్షణంలో ఆయన పరువు ఇంతమంది ముందు గంగలో కలిసిపోతుంది. బంగారుతల్లి ప్రేమతో పెట్టిన బిరడాయే బామ్మను చంపేసిందని అందరికీ తెలిసిపోతుంది...

ఇల్లాలికి తను ఎలా పరుగెత్తిందో తెలియదు. తడి చేతులతో, చెదిరిన జుట్టుతో జనాన్ని తోసుకుంటూ వచ్చి కూతురి మీద పడింది. జగ్గు ఎగిరిపడి భళ్ళున పగిలింది. టైలరు ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసింది.

అందరూ రెండడుగులు వెనక్కి జరిగారు.

"ఓర్చుకోలేకపోయావా అమ్మా?" అరిచింది కూతురు. "షెడ్డు మూయించావు. ఆఖరికి ఆయన ఆఖరి జగ్గు కూడా నేలపాలు చేశావు. నీ కడుపు చల్లబడిందా?"

"కాలు జారింది తల్లీ."

"జారిందట. నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నా" అంది ఆడపడుచు, రొట్టెల పళ్ళెం బల్ల మీద ఠంగున పెట్టి.

కూతురు ఏడుస్తూనే గాజుపెంకులు ఏరడానికి వంగింది. వంగినది అలాగే ఉండిపోయింది. తడి నేల మీద నుంచి లేచిన ఘాటు దాని మొహానికి కొట్టింది. తల పైకెత్తి చూస్తే టైలరు తన ప్యాంటు తనే వాసన చూసుకుని ముక్కు మూసుకుంటున్నాడు.

"నాన్నా... నువ్వు ఇది తాగి బాగుందన్నావా?"

"ఆయనకి జలుబు చేసింది" అంది ఇల్లాలు చప్పున. "నిన్నటి నుంచీ ముక్కు పట్టేసింది, పాపం."

"జలుబు కాదు" అన్నాడు మాస్టారు.

"మీరు ఊరుకోండి."

"ఇన్నాళ్ళూ ఊరుకున్నాను కదే, చాలదా?" ఆయన చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టాడు. అంత జనంలో ఆయన చూసింది కూతురిని ఒక్కదాన్నే. "పోయినేటి జ్వరంతోనే నా ముక్కు పోయిందమ్మా. అప్పటి నుంచి మీరందరూ మెచ్చుకున్న ప్రతి పీపా మీ అమ్మ చెప్పిందే. షెడ్డు మూసేయమన్నది నేను. నింద నెత్తిన వేసుకున్నది అది. నా భార్యని నా కళ్ళెదుట అందరూ దులిపేస్తుంటే... మాస్టారని పిలిపించుకుంటూ కూర్చున్నాను."

అంటూ అక్కడే ఒక ఖాళీ పీపా మీద కూలబడ్డాడు. కూతురు తల్లిని చూసింది, బామ్మ నెత్తిన పక్కకు ఒరిగిన బిరడాను చూసింది. దాన్ని వేలితో తాకితే వదులుగా కదిలింది.

"నువ్వు తోసింది... నాన్న కోసమేనా? నా కోసం కూడానా?"

ఇల్లాలు దాని చేతిలోని గాజుపెంకు మెల్లగా తీసుకుంది, గుచ్చుకుంటుందని.

"వాసన పడదన్నావు కదమ్మా..."

"ఏదో ఒకటి చెప్పాలి కదే. అప్పటికి అదే తోచింది."

అంతే, కూతురు తల్లి నడుము చుట్టేసి, కడుపులో తల దాచుకుని బావురుమంది. ఇన్ని వారాల ముక్తసరితనం ఆ ఏడుపులో కొట్టుకుపోయింది. ఇల్లాలు దాని జుట్టు నిమురుతూ, ఏడవద్దని అంటూ తనే ఎక్కువ ఏడ్చింది. ఆడపడుచు ముక్కు చీదుకుని, "నా నోరు పడిపోను" అని గొణుక్కుంటూ వచ్చి మరదలి చెదిరిన జుట్టు ముడి వేసింది. "ఒక్క మాట నా చెవిన వెయ్యకూడదూ?" అని అడిగి, "వేస్తే మరునాటికి వీధంతా తెలిసేది, నిజమేలే" అని తనే జవాబు చెప్పుకుంది. అంత ఏడుపులోనూ ఇల్లాలికి నవ్వొచ్చింది.

"అయితే మూయడం ఎందుకు?" కూతురు చటుక్కున లేచి కళ్ళు తుడుచుకుంది. "అమ్మ ఉందిగా. అమ్మ వాసన చూస్తుంది, నేను పని చూస్తాను. షెడ్డు అద్దెకి అడిగినవాళ్ళకి రేపు తాళాలు ఇవ్వం అని చెప్పేద్దాం."

"చెప్పేద్దాం!" అన్నారు వెనక నుంచి ఎవరో. షెడ్డంతా మళ్ళీ హుషారెత్తిపోయింది. మాస్టారు భార్య వంక ఆశగా చూశాడు. అందరూ ఆమె వంకే చూశారు. ఆ ఇంట్లో ఆమెకేం కావాలో వినాలని ఎవరైనా కాచుకుని ఉండటం అదే మొదటిసారి.

ఇల్లాలు తడి చేతులు పైటకు తుడుచుకుంది. ఒప్పుకుంటే ఎంత సంబరపడతారో ఆమెకు తెలుసు.

"వద్దు" అంది. "అప్పుడు అబద్ధం చెప్పాను కానీ, ఇప్పుడు నిజమే చెబుతున్నా. నేను అలసిపోయాను. ఎక్కడ దొరికిపోతామోనని ఏడాదిగా కంటి నిండా నిద్రపోలేదు. మూసేద్దాం. నీకు అంత ఇష్టమైతే, నీ ముక్కుతో నువ్వు ఇంకోచోట మొదలుపెట్టు తల్లీ. నాకు తెలిసింది నేర్పిస్తాను. ఈ షెడ్డు మాత్రం ఇక చాలు."

కూతురు తల్లి చెయ్యి పట్టుకుని ఊపింది. "సరేనమ్మా. నీకు చాలంటే చాలు."

టైలరు గొంతు సవరించుకున్నాడు. "చెల్లెమ్మా, ప్యాంటు ఎలాగూ తడిసింది. గొంతు కూడా తడిపి పంపించు."

నవ్వులతో రేకులు అదిరిపోయాయి. ఇల్లాలు పీపాల మధ్యకు నడిచింది. ఒకటి వాసన చూసి తల అడ్డంగా ఊపింది. ఇంకొకటి చూసింది. గోడ పక్కనున్న చిన్న పీపా దగ్గర ఆగి, రెండుసార్లు గట్టిగా పీల్చి, "ఇదీ" అంది. కూతురు కొత్త జగ్గు పట్టింది. మొదటి గ్లాసు ఆమె చేతికే ఇచ్చింది. ఆమె ఒక గుక్క తాగి, దాన్ని తీసుకెళ్ళి పీపా మీద కూర్చున్న భర్త చేతిలో పెట్టింది.

ఆయన గ్లాసు పట్టుకుని తాగకుండా ఆమె మొహంలోకి చూశాడు. "ఎలా ఉందే వాసన?"

ఆమె అలవాటుగా ఆయన చెవి దగ్గరకు వంగింది.

"అక్కడ కాదమ్మా" అంది కూతురు. "గట్టిగా చెప్పు. మేమందరం వింటాం."

ఇల్లాలు నిటారుగా నిలబడింది. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. "నిమ్మతొక్క గిల్లినట్టు" అంది. "వానకి తడిసిన చెక్క... అడుగున కాస్త తేనె."

ఆయన కళ్ళు మూసుకుని ఒక గుటక వేశాడు.

"ఇంకా చెప్పు" అన్నాడు.