తొమ్మిదీ ఇరవైకి పలికిన గొంతు

దేశ రాజధానిలోని ద్వారక ప్రాంతం, ఒక ఫ్లాటు. ఉదయం 9.50.

రాధాకృష్ణమూర్తి హాల్లో బోర్లా పడి ఉన్నాడు. తల వెనుక చితికిపోయింది. పక్కన రాతి పచ్చడి బండ, దానికంటిన తెల్ల వెంట్రుకలు. కుడిచేతి వేళ్లు మూడు విరిగి ఉన్నాయి. చంపేముందు ఎవరో ఒక్కొక్కటే వెనక్కి విరిచారు.

ఇన్‌స్పెక్టర్ నిరంజన్ ముందు నెత్తుటి చేతులతో క్రాంతి నిలబడ్డాడు. వారం వారం వచ్చే ల్యాబ్ టెక్నీషియన్. తలుపు తీసే ఉందని, నాడి చూద్దామని ముట్టుకున్నానని చెప్పాడు.

గేటు గార్డు మాట అతనికి ఉరితాడైంది. గార్డు చేరి మూడు రోజులే. క్రాంతి వచ్చాడని 9.20కి ఇంటర్‌కమ్ చేస్తే పెద్దాయనే గట్టిగా "భేజ్ దో", పంపించమని, అన్నాడట. 9.30కి క్రాంతి పోలీసులకు ఫోన్ చేశాడు. అంటే, చంపింది క్రాంతే.

పదకొండింటికి నగరం అవతలున్న వైశాలి నుంచి మృతుడి తమ్ముడు రఘునందన్ వచ్చాడు. అతని దెబ్బలకు తాళలేక భార్య సుభాషిణి ఇల్లు విడిచి పది రోజులైంది. ఆమెను దాచింది అన్నేనని అతని అనుమానం.

"తొమ్మిదింటికి కూడా ఫోన్లో నామీద అరిచాడు సార్. వీణ్ణి వదలకండి."

నిరంజన్ సోఫా కింద నుంచి పూజ గంట తీశాడు. "ఇదిక్కడెందుకుంది?"

"పనమ్మాయిని పిలవడానికి సార్," అన్నాడు క్రాంతి. "రెండు నెలలుగా అంకుల్‌ది గుసగుసే. మిరియాల కషాయం తాగి నెల పోగొట్టుకున్నారు. తీరా స్కాన్ తీస్తే రోగం గొంతులో లేదు."

నిరంజన్ బల్లమీది ఫైలు తెరిచాడు. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం ఉబ్బి, స్వరపేటికకు వెళ్లే నరాన్ని నొక్కేసింది.

"ఈ మనిషి మీమీద ఎలా అరిచాడు, రఘునందన్ గారూ?"

 నిరంజన్ ఇంటర్‌కమ్ అతని చేతికిచ్చాడు.

"కింద గార్డు వింటున్నాడు. భేజ్ దో అనండి."

రఘునందన్ రిసీవర్‌తో క్రాంతి ముఖాన కొట్టి తలుపువైపు ఉరికాడు. కానిస్టేబుళ్లు నేలకేసి అదిమారు. రఘునందన్ పెదవి చిట్లింది.

"నా పెళ్లాం ఎక్కడని ఒక్కో వేలికీ అడిగాను. నోరు కదిపాడే గానీ పలకలేదు. భయమనుకున్నా. చచ్చాక ఇంటర్‌కమ్ మోగింది. వాడి గొంతుతో జవాబిచ్చి, మెట్లమీదుగా వెనక గేటుకి దిగిపోయాను."

ఎదుటి ఫ్లాటు తలుపు తెరుచుకుంది. సుభాషిణి. పది రోజులుగా అక్కడే ఉంది. సంకెళ్లున్న మొగుణ్ణి చూడలేదు. దుప్పటి కప్పిన శవం దగ్గర కూలబడింది.

"ఒక్క కేక వేసుంటే పరిగెత్తుకొచ్చేదాన్ని బావగారూ."

"వచ్చేవారు," అన్నాడు నిరంజన్. "ఇక్కడ రెండో దుప్పటి కావాల్సి వచ్చేదమ్మా."