అమ్మవారు తెంపని దారాలు

శివలీల మంచం కింద దూరి కుచ్చులు కడుతోంది. ఎర్రదారాలను గుత్తిగా పట్టుకొని మెడ దగ్గర ముడి వేస్తుంది. చివరలు కత్తెరతో సమం చేస్తుంది. అత్త కంట పడకుండా అన్నీ కట్టి, ఒక్కసారిగా చూపించాలని దాని ఆశ.

నాగలత అత్త పెళ్ళి దగ్గర పడింది. ఎమ్మిగనూరులో ఇప్పుడు అందరూ ఫంక్షన్ హాళ్ళలో, ప్లాస్టిక్ పూల సెట్టింగుల మధ్య పెళ్ళి చేసుకుంటున్నారు. అత్త మాత్రం అవ్వ కాలంనాటి పెళ్ళి కావాలంది. ఇంటి ముందు వేపమండల పందిరి వెయ్యాలి. శుభలేఖలు చేత్తో రాయాలి. పెళ్ళిచీర అంగడిలో కొనకూడదు. శివలీల నాయన ఉమామహేశ్వర తన చెల్లెలి కోసం సొంత మగ్గం మీద నెయ్యాలి. ఇంట్లో ప్రతి ఒక్కరూ తమ చేత్తో ఏదో ఒకటి చేసి ఇవ్వాలని అత్త కోరిక. శివలీల వంతుకు గుమ్మం కుచ్చులు వచ్చాయి.

అంతలో మగ్గం గదిలోంచి నాయన అవ్వను కేకేశాడు.

"అమ్మా, ఈడ దారాలు ఏమైనాయి?"

శివలీల చేతిలో కత్తెర ఆగిపోయింది.

నేసిన చీరను కోసి తీసేశాక మగ్గానికి కొన్ని దారాలు మిగిలి వేలాడుతుండేవి. నాయన మగ్గం మీద కొత్త దారాలు ఎక్కించినప్పుడల్లా కింద తుంపులు రాలేవి. శివలీల వాటిని ఏరుకొని ఆడుకునేది. వేలాడేవి కూడా అలాంటి చెత్తే అనుకుంది. పొద్దున ముడులు కత్తిరించి లాగింది. జడలోంచి రిబ్బన్ జారినట్టు మెత్తగా, పొడుగ్గా వచ్చేశాయి.

అవ్వ తిమ్మమ్మ, అత్త ఇద్దరూ పరుగున వచ్చారు. నాయన తల పట్టుకొని చెబుతున్నాడు. కొత్త దారాలు ఒక్కొక్కదాన్నీ ఆ పాత దారాల కొసలకే అతకాలట. పాతవి లాక్కుంటూ పోతే కొత్తవి వాటంతటవే మగ్గంలోకి వస్తాయట. ఇప్పుడు దారి చూపే కొసే లేదు. ప్రతి దారాన్నీ మగ్గానికుండే చిన్న చిన్న ఉచ్చుల్లోంచి, దువ్వెనలాంటి అచ్చు పళ్ళలోంచి మళ్ళీ మొదటినుంచి దూర్చాలి. అదంతా అయ్యి, ఆ తర్వాత చీర నేసేసరికి పెళ్ళి దాటిపోతుందేమోనని అతని దిగులు.

శివలీల కుచ్చులన్నీ స్కూలు బ్యాగులో కుక్కి జిప్పు వేసింది.

ఎలుక కొరికిందేమో అని అత్త అంది. ఎలుకయితే తుంపులు పడి ఉండేవి, నేల మీద పోగు కూడా లేదు అన్నాడు నాయన. అవ్వ మాత్రం గోడమీద చౌడేశ్వరమ్మ పటం వైపే చూస్తూ నిలబడింది.

"పెండ్లిచీర మగ్గం ఎక్కకముందే దారం తెగిపాయ. అమ్మవారికి ఈ పెండ్లి ఇష్టం ల్యాదేమో, కొడకా," అంది చివరికి.

అత్త ముఖం తెల్లబోయింది.

ఆ మధ్యాహ్నం ఇల్లు ఇల్లులా లేదు. పొయ్యి మీద అన్నం చల్లారిపోయినా ఎవరూ తినలేదు. అత్త పెరట్లో రాతిబండ మీద కూర్చుంది, చేతిలో ఫోన్ ఉంది. పెళ్ళి కొన్నాళ్ళు ఆపుదామని పెళ్ళికొడుకు ఇంటివాళ్ళకు చెప్పమంది అవ్వ.

శివలీల పటం ముందు నిలబడి కళ్ళు గట్టిగా మూసుకుంది. తల్లీ, నేనేమీ చెప్పకుండానే అంతా సరిచేసెయ్యి అని మొక్కింది. కళ్ళు తెరిస్తే అమ్మవారు రోజూ చూసినట్టే చూస్తోంది. కోపం లేదు, నవ్వూ లేదు.

పక్కగదిలోంచి అవ్వ మాటలు వినిపిస్తున్నాయి. ఎవరితోనో చెబుతోంది, అమ్మవారే తెంపిందని.

స్కూల్లో పక్కపిల్ల ఎవరిదో పెన్సిలు తీసి, శివలీల పేరు చెబితే ఎంత ఏడుపొచ్చింది. ఇప్పుడు చేసింది తను. పేరు అమ్మవారిది. ఆమె మాత్రం ఎవరితో చెప్పుకుంటుంది, నేను కాదని?

పెరట్లో అత్త నంబరు నొక్కుతోంది.

శివలీల బ్యాగు పట్టుకొని పరుగెత్తింది. బ్యాగు తిరగేసి కుచ్చులన్నీ బండ మీద గుమ్మరించింది.

"అత్తా, ఫోన్ చేయొద్దు. అమ్మవారు కాదు. నేనే కోసినా. పనికిరావనుకున్యా."

అత్త కుచ్చుల వైపు చూసింది. ఫోన్ పక్కన పెట్టింది. నాయన, అవ్వ బయటకు వచ్చారు. దెబ్బ పడుతుందని శివలీల భుజాలు ముడుచుకుంది.

"పొద్దున్నే ఎందుకు చెప్పల్యా?" అన్నాడు నాయన.

"భయమాయ."

"మాకూ భయమే గదా పాపా. పొద్దన్నించీ ఎవరికి ఏం తప్పు చేసినామో అని తన్నుకలాడతాండాం. నువ్వు చెప్పింటే అది అప్పుడే పోయేది."

అవ్వ లోపలికి వెళ్ళి పటం ముందు లెంపలు వేసుకుంది. ఊరికే ఆమె మీద నింద వేశానని గొణుక్కుంది. తర్వాత వచ్చి శివలీల నెత్తి మీద చిన్న మొట్టికాయ వేసి, అన్నం వేడిచేయడానికి పోయింది.

"చీర టయానికి అయితాదా అన్నా?" అంది అత్త.

"ఏమో, నాగా. దారాలు అందిచ్చే మనిషుంటే చూడాల."

"నేను అందిస్తా," అంది శివలీల.

తిన్నాక ఇద్దరూ మగ్గానికి చెరోవైపు కూర్చున్నారు. శివలీల కొత్త దారాల్లోంచి ఒక్కో పోగు వేరుచేసి ఉచ్చు దగ్గర పెడుతుంది. నాయన సన్నని కొక్కెంతో ఇవతలికి లాగుతాడు. కొంతసేపటికి వేళ్ళు తిమ్మిరెక్కాయి. వీధిలో పిల్లలు కేకలు వేస్తూ ఆడుకుంటున్నారు. అయినా శివలీల లేవలేదు.

ఒకచోట దాని చేతికి రెండు పోగులు కలిసి వచ్చాయి. నాయన గమనించకుండానే రెండింటినీ ఒకే ఉచ్చులోంచి లాగేశాడు. ఆ వెనక ఇంకొన్ని దారాలు కూడా దూరిపోయాయి. ఇప్పుడు చెబితే అవన్నీ మళ్ళీ తియ్యాలి.

నాయన కొక్కెం తర్వాతి దారం కోసం ఎదురుచూస్తోంది.

"నాయనా, నిలుపు," అంది శివలీల. "ఇందాక తప్పుగా ఇచ్చినా. ఈడ చూడు."