అరవై ఏడో పొర

స్టీలు గొట్టం ఇరవయ్యో పొర దగ్గర ఆగింది. డాక్టర్ నళినాక్షి స్విచ్ మీంచి చెయ్యి తీసేసి, "చాలు తాతగారూ, మీరు గెలిచారు" అంది.

"ఆయ్! అప్పుడేనా?" అన్నాడు గుబ్బల అబ్బులు.

పెదమేట లంకలో మిగిలిన మట్టల్లా ఆ పావు ఎకరమే. చుట్టూ నలభై అంతస్తుల టవర్లు. ఎగువన ఆనకట్టలు లేచాక ముప్పయ్యేళ్లుగా గోదావరి వరద ఇటు తొంగిచూడలేదు. వరద రాని లంక ఊరైంది, ఊరు నగరమైంది. ఈ ముక్క మాత్రం ఏదో కోర్టు తగాదాలో చిక్కుకుని బతికిపోయింది. ఇప్పుడు అక్కడ పార్కింగ్ టవర్ కడతామంటున్నారు. ఇరవై పంటలు పండినట్టు రుజువైతే మాత్రం, దరఖాస్తు పెట్టుకున్న పాత రైతుకే సాగుకి ఇచ్చేస్తారు. అబ్బులు పద్నాలుగో అంతస్తు బాల్కనీలో, పెయింటు డబ్బాల్లో, పన్నెండేళ్లుగా కంద విత్తనం కాపాడుకొస్తున్నది ఈ మట్టి కోసమే.

రుజువు చెప్పే మిషన్ పేరు స్ట్రాటోస్కోప్. ఏటేటా వరద వెళ్లిపోతూ నేల మీద ఒక పొర ఒండ్రు వదిలిపోయేది. ఆ ఏడు వేసిన పంట పుప్పొడీ వేళ్ల తునకలూ ఆ పొరలో ఉండిపోతే, మరుసటేటి వరద వాటి మీద మూత పెట్టేది. గొట్టం ఆ పొరలన్నిటినీ చెరకుగడలా నిలువునా లాగుతుంది. లేజర్ ఒక్కో పొరనీ చదివి పంట పేరు చెబుతుంది.

అబ్బులుకి లేజర్ ఎందుకు? వరద తియ్యగానే లంక రైతులు ఒండ్రుని నాలుక మీద వేసుకుని, ఏ పంట వెయ్యాలో తేల్చేవారు. అబ్బులు నాలుకైతే ఆ మట్టి ఏ కొండ మీద బయల్దేరిందో, దారిలో ఏ గేదె తొక్కిందో కూడా చెప్పేసేదట! ఒక ఏడు ఆయన కందగడ్డని పడవెక్కిస్తే పడవ మునిగి గడ్డ తేలిందట. దాని మీద కూర్చుని పదకొండు మంది ఒడ్డు చేరారట!

పొద్దుటి నుంచీ ఆయన ఒక్కో పొర రుచి చూసి, మిషన్ కంటే ముందే చెబుతున్నాడు. "పొగాకు" అంటే తెర మీద పొగాకు. "మిరప" అంటే మిరప. "ఇది జనుము. ఆ ఏడు మా నాన్నకి జ్వరం, ఇంకేం వెయ్యలేదు" అంటే జనుమే.

"ఈ ఇరవై నీ చేత్తో వేసినవే, గుర్తుండి చెప్పావు బాబాయ్" అన్నాడు టవర్ల సెక్రటరీ పాపారావు. పార్కింగ్ పోయిందన్న ఉక్రోషం అతనిది. "అరవై ఏడు పంటలని లిఫ్టులో ఊదరగొట్టావుగా? మిగతావి టీవీలో పండాయా?"

చుట్టూ జనం ఘొల్లుమన్నారు. అబ్బులు చెవులు ఎర్రబడ్డాయి.

"దించండి డాక్టరమ్మా."

"వద్దు తాతగారూ. నలభై పొరలు దాటితే చట్టం వేరు. ఇప్పుడే సంతకం పెట్టేస్తే రేపు గునపం తెచ్చుకోవచ్చు."

"కిందున్నది మా తాత పంటండీ. ఇక్కడ ఆగితే ఆయన లేడన్నట్టే కదా. దించండి."

దరఖాస్తు పెట్టినవాడు అడిగితే దించాల్సిందే. ఆమె నిట్టూర్చి స్విచ్ నొక్కింది.

ముప్పై. నలభై. నలభై ఒకటి దగ్గర తెర అంచు ఎర్రగా మారింది. ఆయన చూడనే లేదు. యాభై దాటాక మట్టి మీదే చతికిలబడ్డాడు. అరవై ఏడో పొర నాలుక మీద వేసుకుని చాలాసేపు కళ్లు మూసుకున్నాడు.

"కంద" అన్నాడు నెమ్మదిగా.

తెర మీద కంద. చప్పట్లకి టవర్ల అద్దాలు అదిరాయి. పాపారావు కూడా కొట్టాడు.

వారం తిరక్కుండానే ఆ పావు ఎకరం మీద గాజు మూత పడింది. అన్ని పొరలున్న నేల ఇంకెక్కడా లేదట, అందుకని రక్షిత నేల. గునపం సంగతి సరే, వేలు పెట్టినా నేరమే. ఆ కాగితం చదివి వినిపించేటప్పుడు నళినాక్షి తలెత్తలేదు. కాపలాకి నేల ఎరిగిన మనిషి కావాలన్నారు. అబ్బులుకి ఒక ఖాకీ చొక్కా, ఒక స్టూలు ఇచ్చారు.

పైన బాల్కనీలో కంద మొలకెత్తి డబ్బాలు పగలదీస్తోంది. కింద చూడవచ్చినావిడ అడిగింది:

"ఇక్కడ ఏం పండేదండీ?"

"కందండి."

"గడ్డ ఎంతుండేది?"

అబ్బులు చేతులు రెండూ బారెడు చాచబోయి, మళ్లీ ఒళ్లో పెట్టేసుకున్నాడు.

"కూరకి సరిపోయేంత" అన్నాడు. "గాజు మీద చెయ్యి వెయ్యకండమ్మా."