వఫ్రా నుంచి సముద్రం దారిన

శుక్రవారం పొద్దున ఏడింటికే కువైట్ ఫర్వానియాలోని ఆ మూడో అంతస్తు ఫ్లాట్‌లో పోపు వాసన ఘుమాయించింది. దేవిక ఏడో నెల పొట్టతో స్టవ్ ముందు నిలబడి చిత్రాన్నం కలుపుతోంది. పక్కన బల్ల మీద ఒక ఫ్లాస్కు, ఒక దిండు, ఒక శాలువా, కాగితం మీద గీసిన దారి పటం. డ్యూటీకి తయారై వచ్చిన ఆమె భర్త నాగేంద్రబాబు ఆ సరంజామా చూసి నవ్వు ఆపుకున్నాడు.

"వఫ్రా నుంచి ఇక్కడికి గంటన్నర దారి దేవికా. దానికి రోజంతా కారు మాట్లాడినావు. మీ అమ్మను తీసుకొస్తాండావా, ఊరేగిస్తాండావా?"

"ఊరేగిస్తా. ఏం, తప్పా? ఇరవై రెండేళ్ళు ఈ దేశంలో ఉండి ఆమె వంటిల్లు తప్ప ఏం చూసింది? సముద్రం పక్కనుంచి తీసుకొస్తా. ఖైరాన్, కువైట్ టవర్లు, ఆఖర్న సముద్రం మీద బ్రిడ్జి. అన్నీ నేనే చూపిస్తా."

ఆ "నేనే" అన్న మాట ఎంత గట్టిగా వచ్చిందో నాగేంద్రబాబు గమనించాడు. దాని వెనక ఎవరున్నారో పెళ్ళయిన మూడేళ్ళలో ఆయనకు బాగానే తెలిసింది. తెలిసిన మొగుడు కాబట్టి మారు మాట్లాడకుండా టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ వెనక ఉన్నది హెస్సా. ఆ అమ్మాయిని దేవిక ఒక్కసారి కూడా నేరుగా చూడలేదు. ఆమె మీద కుళ్ళుకోవడం మాత్రం ఐదో ఏట మొదలుపెట్టి ఇప్పటిదాకా ఒక్కరోజూ మానలేదు. తండ్రి చనిపోయిన ఏడాదే తల్లి గంగులమ్మ దేవికను రాజంపేటలో పెద్దమ్మ అంకాలమ్మ దగ్గర వదిలి, కువైట్‌లో ఇంటిపనికి చేరింది. ఆ ఇంట్లో సరిగ్గా దేవిక ఈడు పిల్ల ఉంది. ఇక ఎప్పుడు ఫోన్ చేసినా హెస్సాకు జ్వరం, హెస్సాకు పన్ను ఊడింది, హెస్సా నేను తినిపిస్తే తప్ప తినదు. సవతి పోరు పెళ్ళయ్యాక వస్తుందంటారు. దేవికకు పలక పట్టకముందే వచ్చి పడింది.

నర్సింగ్ చదివి రెండేళ్ళ కిందట తనూ కువైట్ వచ్చి ఒక క్లినిక్‌లో చేరినప్పుడు, ఇక అమ్మ పక్కనే ఉంటుంది కదా అని సంబరపడింది. తీరా చూస్తే ఈ రెండేళ్ళలో గంగులమ్మ కూతురింటికి వచ్చింది నాలుగు శుక్రవారాలు. హెస్సా కాన్పు, హెస్సా కొడుకు, హెస్సా నడుం నొప్పి. ఇప్పుడు దేవిక ఉద్యోగం మానేసి కాన్పుకు రాజంపేట పోతోంది. ఆ తర్వాత అక్కడే ఏదో ఆసుపత్రిలో చేరాలని ఆలోచన. "కాన్పుకు రామ్మా, మూడు నెలలు సెలవడుగు చాలు" అని తల్లిని పిలిచింది. గంగులమ్మ తను మామా అని పిలిచే యజమానురాలిని అడిగి సరే అంది. ఒకసారి ఊరు చేరితే అమ్మ మళ్ళీ ఎందుకొస్తుందిలే అని దేవిక ధీమా. అమ్మ వచ్చేస్తోందని, ఇంక తనతోనే ఉంటుందని ఊళ్ళో అందరికీ చెప్పుకుంది కూడా. ఎల్లుండే విమానం.

చలికాలమంతా ఆ ఇంటివాళ్ళు వఫ్రాలోని తమ తోటలో ఉంటారు. అక్కడికి బస్సులు అంతంతమాత్రం. అందుకే కారు. డ్రైవర్ అబ్బులుది అమలాపురం వైపు. సొంత బండిని అద్దంలా తుడిచి, ముందు నిమ్మకాయ కట్టుకుని ఎనిమిదింటికల్లా కింద నిలబడ్డాడు.

"సముద్రం దారంటే నాకూ సరదాయే అండి. రోజూ ఎయిర్‌పోర్టుకీ ఫర్వానియాకీ తిప్పి తిప్పి నా బండికే విసుగొచ్చేసిందండి," అన్నాడు తలుపు తీస్తూ.

టమాటా తోటలు దాటి ఇనుప గేటు ముందు కారు ఆగేసరికి గంగులమ్మ పెట్టెతో సిద్ధంగా ఉంది. ఆమె మెడ చుట్టూ చేతులు వేసి ఒక పొడుగాటి అమ్మాయి ఏడుస్తోంది. "యుమ్మా, యుమ్మా" అంటోంది. క్లినిక్‌కు వచ్చే పిల్లలు తల్లుల్ని అలాగే పిలుస్తారు కాబట్టి అది అమ్మా అనే పిలుపని దేవికకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమె కారు దిగలేదు. కాళ్ళు వాచాయి కదా, ఎందుకు దిగడం అని తనకు తనే చెప్పుకుంది.

హెస్సాయే కళ్ళు తుడుచుకుని కిటికీ దగ్గరకు వచ్చింది. ఖర్జూరాల పెట్టె లోపల పెట్టి, ఆమె మోకాలికి చలిగాలి తగలనివ్వకండి అని ఇంగ్లీషులో చెప్పింది. మా అమ్మ మోకాలి సంగతి నాకు చెప్పేది నువ్వా అని దేవికకు ఒళ్ళు మండింది. థాంక్యూ అని అద్దం ఎత్తేసింది.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. ఇసుక నేల మీద పచ్చగా నూగు లేచి, అక్కడక్కడా పసుపు పూలు పూశాయి. డేరాలు వేసుకున్న వాళ్ళ పిల్లలు ఒంటెల వెంట పరుగులు తీస్తున్నారు. దేవిక తల్లి చెయ్యి పట్టుకుంది.

"ఆ పూలు చూడుమా. ఎడారిలో పూలు పూస్తాయని నీకు తెలుసా?"

"తెలుసులే పాపా. హెస్సా చిన్నప్పుడు అవి కోసి నా జడలో గుచ్చేది."

దేవిక చెయ్యి వదిలేసింది. ఖైరాన్ దగ్గర సముద్రం నీలంగా కనపడగానే మళ్ళీ ఉత్సాహం తెచ్చుకుంది.

"అదో, సముద్రం. నీళ్ళు ఎట్లుండాయో చూడు."

"ఔ, ఎండాకాలం సెలవలకు ఈడికే గదా వచ్చేది. హెస్సా ఈత నేర్చుకునింది ఈడనే. నేను ఒడ్డున తువ్వాలు పట్టుకోని నిలబడేదాన్ని."

"టవర్లు చూడలేదు కదా నువ్వు? పైకెక్కితే ఊరంతా కనపడుతుంది."

"ఎక్కినా. మెల్లగా తిరుగుతాది గదా ఆ పై గది. హెస్సా పదో పుట్టినరోజు ఆడనే చేసినారు. బ్రిడ్జి మీద గూడా..."

"చాల్లేమా."

గంగులమ్మ గబుక్కున నోరు మూసుకుంది. ముందు సీట్లో అబ్బులుకు ఆ వేడి తగిలినట్టు లేదు. "అయితే అమ్మగారు మనకంటే ఎక్కువే చూశారండి. రేపట్నుంచి నా బండిలో గైడుగా పెట్టేసుకుంటానండి," అన్నాడు. ఉరుము ఉరిమి మంగళం మీద పడినట్టు దేవిక అతని మీద పడింది.

"నువ్వు రోడ్డు చూసి నడుపన్నా."

మంగఫ్ దగ్గర ఒడ్డున కారు ఆపించి, ఖర్జూరం చెట్టు నీడన దుప్పటి పరిచారు. ఆడవాళ్ళ మధ్య గాలి బాగాలేదని అప్పటికి కనిపెట్టిన అబ్బులు టీ తెస్తానని అటు పోయాడు. గంగులమ్మ కూతురికి చిత్రాన్నం పెట్టింది. ఇంతలో ఆమె ఫోన్ మోగింది. తెర మీద హెస్సా ఫోటో. గంగులమ్మ దాన్ని తిప్పి ఒళ్ళో పెట్టుకుంది.

"తీయి, నేనేమన్నా వద్దన్నానా?" అంది దేవిక.

"తర్వాత మాట్లాడతాలే."

"నీ పాస్‌పోర్టు ఇటియ్యి, నా సంచిలో పెడతా. నువ్వు యాడన్నా పారేస్తావు."

పాస్‌పోర్టు మధ్యలో మడిచిన టికెట్ కాగితం ఉంది. దేవిక ఊరికే విప్పి చూసింది. పోవడానికి ఎల్లుండి తేదీ. కింద, రావడానికి మే నెల తేదీ. కాగితం తల్లి వైపు తిప్పింది.

"ఇదేంది?"

"టికెట్టు. మామా తీసిచ్చింది."

"తిరిగి రావడానికి కూడా ఉంది."

"మూడు నెల్లే గదా సెలవు. అయినాక రావల్ల గదా."

"అంటే నేను కని లేచేసరికి నువ్వు మళ్ళీ ఆ పిల్ల దగ్గరికి." దేవిక కంచం పక్కన పెట్టేసింది. "నిజం చెప్పుమా, నీకు కూతురెవరు? పూలు ఆమెవే, సముద్రం ఆమెదే, నీ మోకాలు కూడా ఆమెదే. నాకేం మిగిలినాయో తెలుసా? ఆమె విడిచిన గుడ్డలు."

"విడిచిన గుడ్డలా?"

"ప్రతి ఏడూ పంపేదానివి కదా, ఊరికి వచ్చేవాళ్ళ పెట్టెల్లో. ఒక్కదానికీ ధర చీటీ ఉండదు, కవరు ఉండదు. వాడి ఉతికిన వాసన. బడిలో పిల్లలు కువైట్ గౌను అని చుట్టూ మూగితే నేను లోపల చచ్చిపోయేదాన్ని. ఆ పిల్ల తొడిగి విసిరేస్తే నాకా అని."

గంగులమ్మకు కోపం రాలేదు. ఇన్నేళ్ళు ఇది మోసిందా నా బిడ్డ అన్న దిగులు వచ్చింది.

"యమ్మా, అవి కొత్తవి పాపా. అన్నీ కొత్తవే. ఊరికి పొయ్యేవోళ్ళ కాళ్ళు పట్టుకోని వాళ్ళ పెట్టెల్లో పెట్టించేది. చీటీలతో కొత్తవి ఉంటే ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారని ఎవురూ మొయ్యరు. అందుకే చీటీ కత్తిరించి, ఒక తూరి ఉతికి, ఇస్త్రీ చేసి పంపిస్తాంటి. పనికొచ్చినోళ్ళం అందురం అట్లనే చేస్తాం. నీకు చెప్పల్లని తోచలా."

దేవిక తల వంచి దుప్పటి మీది ఇసుక దులిపింది.

"కొలతకు మాత్రం హెస్సాకు తొడిగేదాన్ని. నీ ఈడే గదా. అద్దంలో చూసుకోని ఇది నాకే కావల్ల అని ఒకటే ఏడుపు. నీది కాదు, మా పాపది అని విప్పేసేదాన్ని. ఒకసారి నా చెయ్యి కొరికింది గూడా. నువ్వంటే ఎంత కుళ్ళో ఆ పిల్లకు. నా మంచం కాడ నీ ఫోటో పెట్టుకుంటే గోడకు తిప్పిపెట్టేది."

ఇన్నేళ్ళూ తనొక్కతే కుళ్ళుకుంటున్నాననుకున్న దేవికకు, అవతల ఇంకొకతె కూడా అదే పని మీద ఉందని వినడం వింతగా ఉంది. కాస్త సిగ్గుగా కూడా ఉంది. అయినా చేతిలో టికెట్ ఉంది. అది అబద్ధం కాదు.

"అయితే ఆ పిల్లంటే నీకు ప్రేమ లేదా?" అంది మెల్లగా.

"ఉండాది. నీకాడ అబద్ధం యాల చెప్పల్ల? నిన్ను ఎత్తుకోవల్లని చేతులు పీకుతాంటే ఆ పిల్లను ఎత్తుకుంటి. ప్రేమ లేకుండా బిడ్డకు బువ్వ ఎట్ల పెడతారు?"

"మరి నా దగ్గర ఉండిపోవాలని లేదా నీకు?"

గంగులమ్మ సముద్రం వైపు చూసింది.

"నువ్వెప్పుడు ఉండమన్నావు పాపా? మూడు నెల్లు చాలు అన్నావు. నేను డ్యూటీకి పోతే బిడ్డను ఎవురు చూసుకుంటారు, నువ్వు రా అన్నావు. హెస్సా గూడా అదే అడిగింది, నా కొడుకును చూసుకునేదానికి తిరిగి రా అని. ఇద్దురూ పనికే పిలిచినారు. పనే అయితే అలవాటైన ఇల్లు మేలు అనుకున్యా. రేపు నాకు చేతగాక మూలన పడితే నన్ను నువ్వేం చేసుకుంటావు? ఆ మాట నిన్ను అడిగేదానికి నోరు రాలా."

అమ్మ చెప్పింది నిజం. పొద్దున కారు మాట్లాడుకున్నట్టే అమ్మనూ ఇన్నాళ్ళకు, ఇంత పనికి అని మాట్లాడుకుంది తను. ఉండిపో అన్న మాట ఊరందరికీ చెప్పింది గానీ, చెప్పాల్సిన మనిషికి చెప్పలేదు. అవతలి మనిషే ముందు అడగాలని బిగుసుకు కూర్చుంది. కన్నీళ్ళు ఆగలేదు.

"బిడ్డను నేనే చూసుకుంటాలేమా. డ్యూటీ ఇప్పుడే పోను. నువ్వు నన్ను చూసుకునేదానికి రా. ఐదో ఏట ఆపేసినావు కదా, ఆడ్నుంచి."

"ఎన్ని నెల్లకు?"

"నెల్లు లేవు. మూలన పడితే ఆ మూలకే నేనూ వస్తా."

గంగులమ్మ చున్నీ కొసతో కూతురి మొహం తుడవబోయి తనే ఏడ్చేసింది. టీ గ్లాసులు పట్టుకుని వచ్చిన అబ్బులు ఇద్దర్నీ చూసి అక్కడే ఆగాడు. "తొందరేం లేదండి, మీరు కానివ్వండి. చల్లారితే మళ్ళీ తెచ్చేత్తాను," అని వెనక్కి తిరిగాడు.

కారు మళ్ళీ కదిలాక గంగులమ్మ తనంతట తానే హెస్సాకు ఫోన్ చేసింది. అరబ్బీలో నెమ్మదిగా, ఒక్కో మాటే కూడబలుక్కుని చెప్పింది. దేవికకు అంతా అర్థం కాలేదు. బింతీ అన్న మాట వినపడింది, నా కూతురు అని. తర్వాత ఖలాస్ అన్న మాట వినపడింది, ఇంక అయిపోయింది అని. అవతల నుంచి ఏడుపు వచ్చింది.

దేవిక ఈ రోజు కోసమే ఇన్నేళ్ళు కాచుకుంది. ఆ పిల్ల ఏడవాలి, తను వినాలి అని ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు. తీరా వింటుంటే సంతోషం రాలేదు. మాటలు లేని ఏడుపు అది. మధ్యలో ఊపిరి అందక ఆగి, మళ్ళీ మొదలవుతోంది. రాజంపేట బస్టాండులో అమ్మ ఎక్కిన బస్సు కిటికీ కమ్మీ పట్టుకుని, పెద్దమ్మ వేళ్ళు ఒక్కొక్కటే విడిపిస్తుంటే తను ఏడ్చిన ఏడుపు అదే.

గంగులమ్మ బెదురుగా కూతురి వైపు చూసి ఫోన్ పెట్టేయబోయింది. దేవిక ఆ చెయ్యి పట్టుకుంది.

"పెట్టొద్దుమా. ఆ పిల్ల ఏడుపు ఆగిందాకా మాట్లాడు."

తర్వాత ముందుకు వంగి అబ్బులు భుజం తట్టింది.

"మెల్లగా పోనీ అన్నా. బ్రిడ్జి మీద గూడా మెల్లగానే పోనీ."