స్విచ్ లేని సబ్బుపెట్టె

"వాక్‌మన్ బాగానే ఉందండి," అన్నాడు గున్నేశ్వరరావు, హెడ్‌ఫోన్ చెవుల మీంచి తీస్తూ.

"బాగుంటే మీ దగ్గరికెందుకు తెస్తానండీ? రోజూ రాజమండ్రి ఆఫీసుకెళ్ళే పాసింజర్‌లో వింటాను. బండి గోదావరి బ్రిడ్జి ఎక్కగానే ఆ చప్పుడుకి పాట వినపడదు."

"అయితే రిపేరు బ్రిడ్జికండి. అది నావల్ల కాదు."

లక్ష్మీప్రసన్నకి ఒళ్ళు మండింది. వాక్‌మన్ లాక్కుని వానలోకి దిగబోయింది.

"ఉండండి, కోప్పడకండి. సౌండ్ పెంచే చిన్న ఆంప్లిఫయర్ చేసిస్తాను. బ్యాటరీతో నడుస్తుంది, బ్యాగులో పడుతుంది."

కొవ్వూరు స్టేషన్ రోడ్డులో అతనిది రేడియో రిపేరు కొట్టు. వెనక గదిలోనే కాపురం, ఒక్కడే. ఊరందరి రేడియోలనూ మాట్లాడిస్తాడు. బాగయ్యాక ఎవరిది వాళ్ళు పట్టుకుపోతారు. కొట్టు కట్టేశాక "అన్నం తిన్నావా" అని అడిగే గొంతు ఒక్కటీ ఉండదు. ఇలా పోట్లాడే మనిషి చాలాకాలానికి దొరికింది.

పాత సబ్బుపెట్టెలో సౌండ్ పెంచే ఒక ఐసీ చిప్పు, వాల్యూమ్ నాబ్, హెడ్‌ఫోన్ సాకెట్, తొమ్మిది వోల్టుల బ్యాటరీ అమర్చాడు. ఆన్-ఆఫ్ స్విచ్ చేతిలోకి తీసుకుని, కాసేపు చూసి, మళ్ళీ సొరుగులో పడేశాడు.

పాట బ్రిడ్జి పొడవునా వినిపించింది. కానీ వారం తిరక్కుండానే ప్రసన్న వచ్చింది, బ్యాటరీ అయిపోయిందని. మళ్ళీ వచ్చింది. వచ్చినప్పుడల్లా ఆఫీసు కబుర్లు చెప్పి, అతని పొడుగాటి పేరు మీద జోకులేసి వెళ్ళేది. ఆమె వెళ్ళాక కొట్టు మరీ బోసిపోయేది.

ఒకరోజు పెట్టె తిప్పి చూసింది. "దీనికి స్విచ్ ఏదండీ?"

"మర్చిపోయానండి."

"ఇన్నిసార్లు బ్యాటరీ మారుస్తూ కూడానా?"

అతను తల దించుకున్నాడు. "స్విచ్ ఉంటే బ్యాటరీ చాన్నాళ్ళు వస్తుందండి. మీరు రారు."

ఆమె నవ్వలేదు. "పెట్టండి," అంది. పెట్టించుకుని వెళ్ళిపోయింది.

మిగిలిన వానాకాలమంతా ఆమె రాలేదు. పొద్దున్న పాసింజర్ కూత వినగానే అతను పని ఆపేవాడు. బ్రిడ్జి మీద బండి చప్పుడు ఆగేదాకా అలాగే కూర్చునేవాడు. నిజం చెప్పి, ఉన్న ఒక్క మనిషినీ పోగొట్టుకున్నానని ఏడుపొచ్చేది.

వానలు తగ్గాక ఒక సాయంత్రం ఆమె వచ్చి సబ్బుపెట్టె బల్ల మీద పెట్టింది.

"కోపం ఎప్పుడో పోయిందండి. బ్యాటరీ అయ్యాక వద్దామనుకున్నాను. ఎంతకీ అవ్వట్లేదు. ఏం స్విచ్ పెట్టారండీ బాబూ!"

"ఇప్పుడయిందాండీ?"

"లేదు. ఇంకో సాకెట్ పెట్టండి." బ్యాగులోంచి కొత్త హెడ్‌ఫోన్ తీసింది.

"ఇదెవరికండీ?"

"బ్రిడ్జి నావల్ల కాదన్నాయనకి. రేపు పొద్దున్న బండికి రండి."

మర్నాడు కొట్టు తెరవలేదు. పాసింజర్ బ్రిడ్జి ఎక్కింది. ఆ చప్పుడు గున్నేశ్వరరావుకి వినపడలేదు.