ఒమైరా కుట్టిన బాణం గుర్తు

అతని వీపు మీద వెలిగిన బాణం కుడివైపు చూపించింది. అతను మాత్రం ఎడమకి తిరిగాడు.

వెనకాల వస్తున్న ఒమైరా సైకిలు సూటిగా వెళ్లి అతని సైకిలుని గుద్దింది. బొగోటా సైకిల్ దారిలో, సన్నటి తుంపరలో, ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడ్డారు.

"వెనకనుంచి గుద్దింది మీరే!" అన్నాడతను లేస్తూ.

"నీ వీపు కుడి అంది, నువ్వు ఎడమకి పోయావు! వీపుకి కూడా అబద్ధాలు నేర్పించావా?"

అతను జాకెట్ విప్పి చూసుకున్నాడు. మొహం మాడిపోయింది. తయారుచేసేటప్పుడు కాలర్ తనవైపు పెట్టుకుని బల్లమీద పరిచి వైర్లు అతికించాడు. దాంతో కుడి ఎడమలు తారుమారయ్యాయి.

"నా పేరు దువాన్. ఇది నేనే తయారుచేశాను. సైకిల్ తొక్కేవాళ్ల ప్రాణాలు కాపాడాలని..."

"ముందు నా మోకాలు కాపాడు. ఎంత దీని ఖరీదు?"

"లక్షా ఎనభై వేల పెసోలు."

ఒమైరాకి ఒళ్లు మండింది. ఎడమ చెయ్యి అతని మొహం ముందు పెట్టింది. మణికట్టు చుట్టూ కుట్ల గుర్తులు. ఏడాది క్రితం మలుపులో చెయ్యి చాచి సైగ చేస్తే బస్సు అద్దం తగిలి ఎముక విరిగింది. కుట్టుమిషనే ఆధారమైన మనిషి రెండు నెలలు ఇంట్లో కూర్చుంది.

"ఇలాంటిది కావాల్సింది మాకయ్యా! తెల్లారకముందే ఊరి చివర బోసా నుంచి ఫ్యాక్టరీకి తొక్కేవాళ్లకి. నువ్వేమో ఆదివారం షికారు బాబులకి చేశావు!"

"అంతకన్నా తక్కువలో రాదండీ. బ్లూటూత్ స్విచ్, వాటర్‌ప్రూఫ్ జిప్..."

"బ్లూటూత్ నిన్నెవరడిగారు?"

దువాన్ ఆమె పేరూ, ఇంటి చిరునామా అడిగి రాసుకున్నాడు. శనివారం జాకెట్ పట్టుకుని ఆమె ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు.

ఒమైరా కత్తెర తీసుకుని దాన్ని నిలువునా విప్పేసింది. జాకెట్ అక్కర్లేదు, ఎలాస్టిక్ పట్టీలు చాలు అంది. తర్వాత ఒక చేతి తొడుగు తీసి, బొటనవేలికి ప్రెస్ బటన్‌లో ఒక సగం, చూపుడు వేలికి రెండో సగం కుట్టింది.

"రెండూ లోహమే కదా. వేళ్లు తాకిస్తే కరెంటు పారదా? ఎడమ చేతికి ఎడమ బాణం, కుడి చేతికి కుడి బాణం."

దువాన్ నోరు తెరిచి చూశాడు. "నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివాను. ఇది తట్టలేదు."

"నాలుగేళ్లలో ఒక్క గుండీ అయినా కుట్టావా?"

అలా ప్రతి శనివారం వచ్చేవాడు. ఒమైరా తల్లి ఎల్విరా ఇచ్చే వేడి బెల్లపునీళ్లలో చీజ్ ముక్క ముంచుకు తింటూ వైర్లు అతికించేవాడు. ఒమైరా దారం పెదవితో తడిపి సూదిలోకి ఎక్కిస్తుంటే మాత్రం చేతిలో పని ఆగిపోయేది.

"ఏం చూస్తున్నావ్?"

"వైరింగ్."

"వైరింగ్ నా మొహం మీద లేదు."

మూడు నెలలకి ధర ముప్పై అయిదు వేలకి దిగింది.

ఒక సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి వస్తూ ఒమైరా క్రీడా సామగ్రి దుకాణం ముందు ఠక్కున బ్రేకు వేసింది. అద్దాల వెనక నిలువెత్తు బొమ్మకి తను కుట్టిన పట్టీలు తొడిగి ఉన్నాయి. చీటీ మీద రెండు లక్షల పది వేలు. కింద, 'రూపకల్పన: ఇంజనీర్ దువాన్ సొలర్సానో.'

ఆమె పేరు ఎక్కడా లేదు.

ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టింది. గంట తర్వాత వానలో తడిసి ముద్దయి దువాన్ వచ్చాడు. పట్టీలు అతని ఒంటిమీదే ఉన్నాయి, ధర చీటీ వేలాడుతోంది.

"ఫో!" అంది కిటికీలోంచి.

"శాంపిల్ మాత్రమే ఇచ్చాను ఒమైరా. ధర పెంచకూడదన్నాను, నీ పేరు ముందుండాలన్నాను. ఇవాళ వెళ్లి చూస్తే ఇదీ! అడిగితే, కుట్టుపనిదాని పేరు పెడితే ఎవడు కొంటాడన్నాడు దుకాణదారు. బొమ్మ మీంచి లాక్కుని వచ్చేశాను."

"బొమ్మ?"

"చెయ్యి ఊడింది. అది అక్కడే పెట్టాను."

నవ్వొచ్చింది గాని ఒమైరా దాన్ని పైకి రానివ్వలేదు. "నన్నడక్కుండా ఎలా ఇచ్చావ్? అది నా కుట్టు. నా పని గురించి ముందు నాకు చెప్పాలి, తర్వాతే దుకాణాలకి!"

దువాన్ తల వంచుకున్నాడు. "తప్పే. మంచి వార్త తెచ్చి నీ ముందు గొప్పగా నిలబడదామనుకున్నాను."

సాకులేవీ చెప్పలేదు. ఆమె గడియ తీసింది.

తర్వాతి నెల ఫ్యాక్టరీ గేటు దగ్గర ఇద్దరూ చిన్న బల్ల వేశారు. పని దిగిన ఆడవాళ్లు సైకిళ్లు పట్టుకుని వరసలో నిలబడ్డారు. ప్రతి పట్టీ మీదా ఇద్దరి పేర్లూ ఉన్నాయి, ఒమైరాది ముందు.

"ఒమైరా... మన పేర్లు పట్టీ మీదే కాకుండా, ఇంటి తలుపు మీద కూడా..."

"నలభై మంది చూస్తుంటే అడిగే మాటా ఇది? బుద్ధుందా? అమ్మ వింటోంది!"

ఎల్విరా వరసలో మూడో మనిషి. ముందుకొచ్చి ఒక జత తొడుగులు తీసుకుని, నింపాదిగా వేళ్లు దూర్చింది.

"నాయనా, మా అమ్మాయి ఎవరి మీదా రెండు రోజులకి మించి కోపం నిలుపుకోదు. నిన్ను నాలుగు నెలలుగా తిడుతూనే ఉంది. ఇంకా అర్థం కాలేదా?"

ఒమైరా మొహం కందిపోయింది. "అమ్మా!" అని అరిచింది. ఆ అరుపులో కాదనే మాట లేదు.