ఎర్ర కారుకు తెలంగాణ నంబరు

పొద్దున్నే చాట ఒళ్లో పెట్టుకుని సింధూజ బీడీలు చుడుతోంది. చేతులు పనిలోనే ఉన్నాయి గానీ, చెవులు మాత్రం మిద్దె మీదున్నాయి. పైన ఆమె మొగుడు నరేశ్ ఫోన్లో గుసగుసలాడుతున్నాడు. షార్జాలో పన్నెండేళ్లుగా కార్లకు రంగు కొట్టే మనిషి అతను. రెండేళ్లకోసారి నలభై రోజుల సెలవు మీద కోరుట్లకు వస్తాడు. వచ్చినన్నాళ్లూ వాడకట్టంతా వినబడేలా మాట్లాడేవాడే. ఈసారి ఏం పుట్టిందో ఏమో, ఫోను మోగితే చాలు, దగ్గుకుంటూ మెట్లెక్కి పోతున్నాడు.

ఫోను ఒక్కటే అయితే సింధూజ ఊరుకునేదే. పోయిన వారం జగిత్యాలలో బ్యాంకు పనుందని పోయినవాడి జేబులో సిరిసిల్ల బస్సు టికెట్టు దొరికింది. నిలదీస్తే నాలుక కరుచుకుని, కారు బేరం చేస్తున్నానన్నాడు. అదైనా ఇంటిల్లిపాదీ ఎక్కి వేములవాడ పోయే కారా అంటే, కాదు. రెండే తలుపులు, పైకప్పు మడుచుకునే విదేశీ స్పోర్ట్స్ కారు. కొత్తది తెప్పిస్తే కారు ధరంత దిగుమతి పన్ను, దాని మీద రోడ్డు ట్యాక్సు. అందుకే ఎవరో వాడి అమ్ముతున్నది చూస్తున్నాడట.

అత్త లచ్చవ్వ ఆ మాట విని చేతిలో చాయ్ పక్కన పెట్టేసింది. కన్నకొడుకని వెనకేసుకొచ్చే రకం కాదామె.

"మనం ఇంట్ల నలుగురం. గా కార్ల ముంగట ఇద్దరే కూసుంటరు, ఎనుక సీటు పేరుకేనట. వీడు షార్జాకు పోయినంక గా కార్ల తిరిగేది ఎవలే, పిల్లా?"

ఆ ప్రశ్న సింధూజ గుండెలో ముల్లులా దిగింది. ఆ రోజే పాస్‌పోర్టు సంచీ తీసి చూసింది. ఎప్పుడూ అందులో ఉండే తిరుగు టికెట్టు లేదు. సిరిసిల్లలో ఎవతో ఉంది, కారు అనేదే వట్టి మాట అని మనసులో రూఢి చేసుకుంది. ఎనిమిదేళ్ల కొడుకు ముఖం చూసినప్పుడల్లా, వీణ్ని తీసుకుని ఎక్కడికి పోవాలా అని ఆలోచించేది. అన్నం సయించలేదు.

ఫోను ముగించిన నరేశ్ మిద్దె దిగి, కారు చూసొస్తానని చెప్పులేసుకుంటుంటే ఆమె చాట పక్కకు నెట్టి లేచింది.

"నేను గూడ అస్త. ఆడోళ్లకు బస్సు ఫ్రీనే గద."

అతను ఎండగా ఉందన్నాడు, నిలబడేచోటు కూడా ఉండదన్నాడు. ఆమె అప్పటికే చీర కొంగు సర్దుకుని గడప దాటింది.

సిరిసిల్లలో బస్సు దిగి ఆటో ఎక్కారు. సిరిసిల్ల బైపాసు పక్కన పాత కార్లు అమ్మే హబీబుద్దీన్ షెడ్డు ముందు ఆటో దిగారు. నిజంగానే అక్కడ ఎర్రగా నిగనిగలాడుతూ కారుంది. దానికి, పన్ను తక్కువని అక్కడ రాయించిన పాండిచ్చేరి నంబరు. సింధూజకు సగం ఊపిరి తిరిగింది. కారైతే ఉంది గానీ, మిగతా సగం అనుమానం ఉండనే ఉంది.

నరేశ్ కళ్లు మూసుకుని, కారు ఒంటి మీద వేలికొసలతో నెమ్మదిగా తడుముకుంటూ పోయాడు. ఎడమ తలుపు దగ్గర ఆగి, దీనికి మళ్లీ రంగు పడిందన్నాడు. హబీబుద్దీన్ నవ్వి, ఒప్పుకుని, ధర కొంత దించుతానన్నాడు. పన్నెండేళ్లు మొగుడు చేసిన పనిని సింధూజ కళ్లారా చూడటం అదే మొదటిసారి. ఇంత కోపంలోనూ ఆమెకు గర్వంగా అనిపించింది.

"నువ్వు గల్ఫు ఆద్మీవి నరేశ్," అన్నాడు హబీబుద్దీన్. "నాలుగు దినాలు తిరిగి పోతవు. పాండిచ్చేరి నంబరు మీదనే నడుపుకో. ఈడ లైఫ్ ట్యాక్స్ కట్టుడంటే లక్షలు."

"వద్దు భాయ్. పాండిచ్చేరి ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ కాగితం తెప్పియ్యి. జగిత్యాల ఆర్టీఏ ఆఫీసుల ట్యాక్స్ కట్టి తెలంగాణ నంబరు ఎక్కిస్త."

సింధూజ చప్పున తలెత్తింది. రూపాయి రూపాయి చూసి ఖర్చుపెట్టే మనిషి ఇతను.

"నలబై దినాలు ఉండెటోడివి, జిందగీకి సరిపోయే ట్యాక్స్ ఎందుకు కడుతవు?" అంది. "నువ్వు షార్జాకు పోతలేవా?"

హబీబుద్దీన్ పెద్దమనిషి. చాయ్ చెప్పి వస్తానని పక్కకు తప్పుకున్నాడు. నరేశ్ కారుకు ఆనుకుని నిలబడ్డాడు.

"మెడికల్ల ఫెయిలైన. పెయింటు పొగకు ఊపిరితిత్తులు ఖరాబైనయన్నరు. వీసా మళ్ల కొట్టలే," అన్నాడు. పెళ్లి బరాత్‌లకు ఇలాంటి కార్లను మనవాళ్లు హైదరాబాద్ నుంచి కిరాయికి తెప్పించుకుంటున్నారనీ, పైకప్పు తీసి వధూవరుల్ని వెనక ఎత్తు మీద కూర్చోబెడతారనీ, తానూ ఈ కారును అట్లా కిరాయికి తిప్పుతాననీ చెప్పాడు. ఆ పని నిలబడ్డాక ఇంట్లో చెబుదామనుకున్నాడట.

"నీకు ఇంకో సంసారం ఉందని నేను ఏడ్చి సచ్చిన," అంది సింధూజ. "నాకు చెప్తే ఏమైతుండె?"

"ఎట్ల చెప్పాలె? నేను బ్యాగు కింద పెట్టలే, మళ్ల ఎప్పుడు పోతవని అడిగిండ్రు. అవ్వ అడిగింది, వాడకట్టు అడిగింది. నువ్వు గూడ గదే అడిగినవు."

నిజమే, సింధూజ కూడా అడిగింది. మంచినీళ్ల గ్లాసు చేతికిస్తూనే అడిగింది. పన్నెండేళ్లుగా ప్రతిసారీ అదే అడుగుతోంది. ఎన్ని రోజులు తన దగ్గరుంటాడో లెక్కేసుకోవడానికి అడిగేది. ఆ మాట అతని చెవికి ఎలా పడుతుందో ఒక్కనాడూ తలచలేదు. మనిషిని అనుమానించిందే గాని, దగ్గు వచ్చినప్పుడల్లా అతను బయటికెందుకు పోతున్నాడో చూడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నరేశ్ ఆమె భుజం మీద చెయ్యేశాడు.

హబీబుద్దీన్ చాయ్‌తో తిరిగొచ్చాక ఆమె ముఖం తుడుచుకుని, ముందు కాగితాలు తెప్పించమంది. జగిత్యాలలో ట్యాక్స్ ఎంతో తేలాకే ధర మాట్లాడతామంది. ఆయన సరేనమ్మా అన్నాడు.

తిరుగు బస్సు రుద్రంగిలో ఆగినప్పుడు, నరేశ్‌కు వరసకు మామ అయ్యే దుర్గయ్య ఎక్కాడు. నరేశ్‌ను చూసి సంబరపడి, వాళ్ల ముందు సీట్లో కూలబడి వెనక్కి తిరిగాడు.

"ఏం అల్లుడా, ఎప్పుడచ్చినవు? మళ్ల ఎప్పుడు పోతవు?"

నరేశ్ ముఖం చిన్నబోయింది. చూపు కిటికీ వైపు తిప్పుకున్నాడు. సింధూజ సీట్లో ముందుకు జరిగింది.

"పోడు మామా," అంది, బస్సులో నలుగురికీ వినబడేలా. "ఇగ మాతోనే ఉంటడు."